టీచరమ్మ సెలవుకి ఊరి అభ్యంతరం

పాడేరు ఆఫీసులో విద్యా సెక్షన్‌కి కొత్తగా వచ్చిన ఒకమ్మాయికి నేను చాలా ఏళ్ళు కూర్చున్న సీటే ఇచ్చారట. నా నంబరు ఎవరిచ్చారో గానీ, మొన్న ఫోను చేసి, "సార్, స్టడీ లీవు ఫైళ్ళు ఎలా చూడాలో కాస్త చెప్పండి" అంది. "జీవోలన్నీ ఎడమపక్క బీరువాలో ఉన్నాయి, తీసి చదువుకోమ్మా" అని పెట్టేశాను. పెట్టేశాక నా మీద నాకే చిరాకేసింది. రిటైరైనా గుమాస్తా బుద్ధి పోలేదు. ఆ బీరువాలో లేని సంగతులు కొన్ని ఉన్నాయి. ఆ అమ్మాయి కోసం, ఆమెలాగే కొత్తగా ఆ కుర్చీల్లో కూర్చునే పిల్లల కోసం అవి రాస్తున్నాను.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరు అడ్డుపడ్డారో ఇందులో ఉండదు. అవి మా ఇంట్లోనే ఎవరూ వినరు.

ఆ సీటు

మాది చోడవరం వైపు. చెరుకూ బెల్లం తప్ప ఇంకో ప్రపంచం తెలియని ఊరు. పాడేరులో ఉద్యోగం అనగానే మా అమ్మ ఏడ్చి, దోమతెర కొనిచ్చి పంపింది. ఏడాదిలో ట్రాన్స్‌ఫర్ చేయించుకుని కిందికి దిగిపోదామనే ఎక్కాను. ఘాట్ రోడ్డు ఎక్కిన మైదానం వాళ్ళందరూ మొదట అనుకునేది అదే. నేను మాత్రం అక్కడే జుట్టు తెల్లబడి, అక్కడే రిటైరయ్యాను.

నాకు ఇచ్చింది టీచర్ల సెలవుల సీటు. జ్వరం సెలవు, కాన్పు సెలవు, ఇవి చూడటానికి పెద్ద తెలివి అక్కర్లేదు. చదువు సెలవు వేరు. బడిలో పాఠం చెప్పే మనిషి తనే మళ్ళీ విద్యార్థిగా కాలేజీకి వెళ్తానంటే, జీతం ఆపకుండా పంపించే సెలవు అది. మొదట్లో ఆ దరఖాస్తులు చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేను పగలు ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా డిగ్రీ పాసవలేదా, వీళ్ళకి జీతమిచ్చి మరీ చదివించడమేమిటి అనుకునేవాణ్ణి. అసూయ, ఇంకేం కాదు.

ఆ సెలవు అడిగేవాళ్ళు ఎలాంటివాళ్ళో తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది. వాళ్ళ ఇళ్ళల్లో మొదట పలక పట్టింది వాళ్ళే. ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటరవగానే టీచరు ట్రైనింగు చేసి, ఇరవై ఏళ్ళకే ఉద్యోగంలో చేరి, ఆ జీతంతో తమ్ముళ్ళ చదువులూ నాన్న వైద్యమూ నడిపించినవాళ్ళు. చదువు మీద ఇష్టం తీరకుండానే సంసారం మీద పడిపోయింది. జీతం ఆగితే ఇల్లు ఆగిపోతుంది కాబట్టి, ఆ కాగితం మంజూరైతేనే కాలేజీ, లేకపోతే లేదు. ఇది తెలిశాక ఆ ఫైళ్ళని చూసే చూపు మారింది.

సీలేరు సంతకం

నేను చేరినప్పుడు మా సూపరింటెండెంటు గారు పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ మెడలో తువ్వాలుతో ఉండేవారు. ఎవరు గుమ్మంలోకి వచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఏ బండికెల్లాలి?" పని ఏమిటని కాదు, పేరేమిటని కాదు. తిరిగి వెళ్ళే బస్సో జీపో ఎన్నింటికి ఉందో అడిగి, ఆ లెక్కన మనుషుల్ని వరసలో పెట్టేవారు. పక్కవీధి నుంచి పదింటికే వచ్చిన పెద్దమనిషి ఆగాలి, కొండ మీద నుంచి రెండింటికి వచ్చిన ఆయమ్మ పని ముందు కావాలి. నాకిది వింతగా ఉండేది.

ఒకసారి సీలేరు నుంచి ఒక మేస్టారు చదువు సెలవు దరఖాస్తు తెచ్చారు. ప్రాజెక్టు కాలనీ పక్క బడి. కాగితాల్లో హెడ్‌మాస్టరు సంతకం ఒకచోట లేదు. నేను చక్కగా మెమో రాసి, తిప్పి పంపాను. సాయంత్రం సూపరింటెండెంటు గారు ఆ మెమో కాపీ చదివి మెచ్చుకున్నారు.

"ఇంగ్లీసు బాగా రాసేవు. రేపు తెల్లారి బస్సుకి నువ్వే సీలేరు ఎల్లి ఆ సంతకం ఏటో అట్టుకొచ్చీ."

వేళాకోళం అనుకున్నాను. కాదు. మర్నాడు చింతపల్లి, గూడెం కొత్తవీధి దాటేసరికే కడుపులో ఉన్నదంతా కిటికీలోంచి పోయింది. సీలేరులో దిగి బడికి వెళ్ళేసరికి హెడ్‌మాస్టరు లేరు, సంతకి వెళ్ళారు. ఆయన వచ్చి సంతకం పెట్టేసరికి తిరుగు బస్సు పోయింది. ఆ దరఖాస్తు పెట్టిన మేస్టారే నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి, అన్నం పెట్టి, పడుకోడానికి మంచం ఇచ్చారు. నేను ఎందుకొచ్చానో తెలిసి కూడా ఆయన ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఒక్క సంతకం కోసం ఎవరినీ కొండ ఎక్కించలేదు. మీరూ ఎక్కించకండి.

తన మీద తనే రాసుకున్న తీర్మానం

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. అప్పటికి నేనే సూపరింటెండెంటుని. కిల్లో రత్నకుమారి అనే టీచరు దరఖాస్తు పెట్టింది. ఆమెది అరకు వైపు. పనిచేసేది గూడెం కొత్తవీధికి అవతల ఒక చిన్న ఊళ్ళో, ఒక్క టీచరే ఉన్న బడిలో. ఊరి పేరు రాయడం లేదు. ఆ ఊరి వాళ్ళకి నా వల్ల జరిగింది చాలు.

ఆ బడి సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చాక, సిగ్నలు కోసం ఆమె రోజూ పొద్దున్నే బడి వెనక గుట్టెక్కేది. పిల్లలు కూడా వెంట ఎక్కేవాళ్ళు. గుట్ట మీదే ఎక్కాలు చెప్పించి, అందరితో కలిసి దిగేది. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు. ఆమె చేరిన ఏడాదికే వాళ్ళ భాష నేర్చుకుని, అందులోంచి తెలుగులోకి నడిపించేది. తనిఖీకి వెళ్ళిన వాళ్ళు తిరిగొచ్చి, ఆ బడి పిల్లలు పేపరు చదువుతున్నారండీ అని చెప్పేవారు.

ఆమెకి బీఎడ్ చదవాలని. విశాఖపట్నంలో సీటు వచ్చింది. అంతకు ముందు కూడా రెండుసార్లు సీటు వచ్చి, సెలవు సమయానికి అందక పోయింది. చదువు సెలవుకి మాకు ఒక వయసు గీత ఉండేది. ఈసారి తప్పితే ఆమె ఆ గీత దాటిపోతుంది. ఇక ఎప్పటికీ లేదు.

ఒక్క టీచరే ఉన్న బడి కాబట్టి, టీచరు వెళ్తే తమకి అభ్యంతరం లేదని తల్లిదండ్రుల కమిటీ తీర్మానం జతచేయాలి. అన్ని కాగితాలూ ఉన్నాయి. తీర్మానం కూడా ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు, కింద వరసగా వేలిముద్రలు. నేను సంతకం పెట్టబోతూ అలవాటు కొద్దీ చదివాను.

"మా టీచరు గారికి చదువు సెలవు ఇచ్చుటకు మాకు అభ్యంతరం ఉంది. ఆవిడ వెళ్ళిపోతే మా బడి మూసివేస్తారు. కనుక సెలవు ఇవ్వవద్దని కోరుతున్నాము."

మళ్ళీ చదివాను. దరఖాస్తులో అక్షరాలూ, తీర్మానంలో అక్షరాలూ ఒకటే. ఆమె ఎదురుగానే నిలబడి ఉంది.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"నేనే సార్. ఆ ఊర్లో రాయడం వచ్చినోలు ఇంకెవులున్నారు?"

"నీ సెలవు ఇవ్వొద్దని నువ్వే రాసి, నువ్వే జతచేసి తెచ్చావా?"

"ఆళ్ళు సెప్పింది అదే సార్. మరేటి రాస్తాను?"

సెక్షనంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక గొంతు తగ్గించి, కిందున్నవన్నీ వేలిముద్రలే కదా, 'ఉంది' బదులు 'లేదు' అని రాసుకొస్తే ఎవరికి తెలుస్తుంది అన్నాను. నా ఉద్యోగంలో నేను ఎవరికీ ఇవ్వకూడని సలహా అది. ఆమె నా వైపు కాస్త జాలిగా చూసింది.

"తెలుస్తాది సార్. నేను రాసింది మూడో క్లాసు గుంటల సేత సదివించుకొని మరీ ఏలిముద్ర ఏసేరు. ఆ గుంటలకి సదవడం నేర్పింది నేనే కదా."

మళ్ళీ తనే, "తెలీకపోయినా రాయలేను సార్" అంది.

మైదానంలో ఎన్ని తీర్మానాలు ఎలా పుడతాయో నాకు తెలుసు. నా సర్వీసులో ఇలాంటి కాగితం మళ్ళీ చూడలేదు. ఆఫీసరు గారు అప్పుడే కొత్తగా వచ్చిన కుర్రాయన, మంచివాడే, తొందర ఎక్కువ. "అభ్యంతరం ఉందని వాళ్ళే రాస్తే ఇంకేముందండీ, రిజెక్టు చేసేయండి" అన్నారు. ఆయన అన్నది నిబంధన ప్రకారం సరైనదే. నేను మూడు రోజుల గడువూ, ఆఫీసు జీపూ అడిగాను. కాలేజీలో చేరడానికి ఆమెకి మిగిలింది ఆరు రోజులు.

నేను అన్న మాట

కాఫీ పళ్ళు కోసే రోజులు. ఊళ్ళో సగంమంది తోటల్లో ఉన్నారు. కబురు పెడితే గంపలతోనే వచ్చి బడి అరుగు మీద కూర్చున్నారు. కమిటీ చైర్మన్ సీదరి కాసులమ్మ. మనవరాలు రెండో క్లాసు. ఎండుపుల్లలాంటి మనిషి, నోట్లో చుట్ట. నేను కుర్చీలో కూర్చుని సెలవంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే ఆపేసింది.

"సెలవంటే మాకు తెలుసు సార్. ఈ బడికి ముందు ముగ్గురు మేస్టర్లు సెలవెట్టేరు. ఒకలికి నడుం నొప్పి. ఒకలికి పెల్లి. ఒకలు ఏటో సెప్పనేదు. మల్లీ ఎవులూ రానేదు. బడికి తాలం, గుంటలు పశువుల ఎనక."

"ఇది ఆ సెలవు కాదమ్మా. రెండేళ్ళు చదువుకుని మళ్ళీ మీ బడికే వస్తుంది. ఈలోగా పక్క ఊరి నుంచి వాలంటీరుని వేస్తాం."

"మల్లీ ఇక్కడికే వస్తాదని మీ కాయితంలో ఉన్నాదేటి?"

కాగితంలో లేదు. చదివొచ్చాక మళ్ళీ ఉద్యోగం చేయాలని ఉంటుంది, ఏ బడిలోనన్నది ఉండదు. బీఎడ్ అయినవాళ్ళకి హైస్కూలుకి ప్రమోషను వస్తుందని, ఆ చిన్న బడికి తిరిగి రారని నాకు బాగా తెలుసు. అలాంటి ఆర్డర్లు నేనే టైపు చేయించేవాణ్ణి.

"నేను చెప్తున్నాను కదా. వస్తుంది. నాది పూచీ" అన్నాను.

రత్నకుమారి తలెత్తి, "సార్" అంది. నువ్వుండమ్మా అని చేత్తో సైగ చేశాను. ఆమె లేచి నిలబడి వాళ్ళ భాషలో మాట్లాడింది. చాలాసేపే మాట్లాడింది. నా మాటలు వాళ్ళకి అర్థమయ్యేలా తిప్పి చెబుతోందనుకున్నాను. మధ్యలో ఇద్దరు ముగ్గురు నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. కాసులమ్మ నవ్వలేదు. వాళ్ళలో వాళ్ళు కొంతసేపు మాట్లాడుకున్నారు, ఒకాయన కోపంగా లేచి అటు వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. చివరికి కాసులమ్మ చుట్ట పక్కన పెట్టి, "పుస్తకం తే" అంది.

రత్నకుమారి కొత్త తీర్మానం రాసింది. మూడో క్లాసు పిల్ల ఒకతి నిలబడి, వేలు పెట్టి, అందరికీ వినపడేలా చదివింది. అభ్యంతరం లేదు. ఒక్కొక్కరూ వచ్చి వేలిముద్ర వేశారు. రత్నకుమారి ముఖం అటు తిప్పుకుంది. ఆనందం అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు జీపులో నా అంతవాడు లేడనుకున్నాను. ఆఫీసరు గారు అదే రోజు సంతకం పెట్టారు. ఆమె గడువుకి ముందు రోజే కాలేజీలో చేరింది.

పోస్టింగు

రెండేళ్ళయ్యాక బీఎడ్ పాసై వచ్చి, ఆ ఊళ్ళోనే తిరిగి చేరింది. నాలుగు నెలలు తిరక్కుండానే ప్రమోషన్ల జాబితా వచ్చింది. ఆమెకి ఒక ఆశ్రమ హైస్కూల్లో పోస్టు. ఆ ఆర్డరు కింద నా పొట్టి సంతకం ఉంది. మా ఆఫీసుకి వచ్చి దండం పెట్టి, మిఠాయి ఇచ్చింది. నేను దాన్ని తినకుండా బల్ల సొరుగులో పెట్టేశాను. ఊళ్ళో వాళ్ళు ఏమన్నారమ్మా అని అడగాలనుకున్నాను గానీ, అడగలేదు.

ఆ తర్వాత గూడెం వైపు తనిఖీలు పడితే ఏదో వంక పెట్టి ఇంకొకరిని పంపేవాణ్ణి. బడి మూతపడలేదని, ఒక కుర్ర మేస్టరుని వేశారని ఫైళ్ళలో చూశాను. కానీ ఎదురుపడితే కాసులమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు. ఉద్యోగంలో పొరపాట్లు చాలా చేశాను. తేదీలు తప్పు వేశాను, ఒకరి ఆర్డరు ఇంకొకరికి పంపాను. అవన్నీ దిద్దుకున్నాను. నమ్మించి వేలిముద్రలు వేయించుకున్న తప్పుని మాత్రం దిద్దే దారి కనపడలేదు. మంచి పనికే కదా అని సమాధానం చెప్పుకునేవాణ్ణి. రెండు రోజులు పనిచేసేది ఆ సమాధానం, మళ్ళీ మొదటికే వచ్చేది.

కాసులమ్మ ఇంటి ముందు

రిటైరైన ఏడాది ఇక ఉండబట్టలేక వెళ్ళాను. ఈసారి ఆఫీసు జీపు లేదు. గూడెం కొత్తవీధి నుంచి సర్వీసు జీపులో వెనక నిలబడి, చివర రెండు మైళ్ళు నడిచాను. కాసులమ్మ ఇంటి ముందు కాఫీ గింజలు ఎండబోసి, కోళ్ళని అదిలిస్తోంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది.

"సూపర్నెంటు బాబు కదా. కూకో. చోడంబలి తాగుతావా?"

తాగాను. తాగాక, వచ్చిన పని చెప్పాను. ఆ రోజు మీకు అబద్ధం చెప్పానమ్మా, ఆమె తిరిగి రాదని నాకు తెలుసు, తెలిసే పూచీ అన్నాను, నన్ను క్షమించండి అన్నాను. ఈ వయసులో ఇంత మాట ఎవరి దగ్గరా అనలేదు. ఆవిడ గింజలు కెలుకుతూనే ఉంది.

"మాకు తెలుసు బాబు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ దినమే. నువ్వు అరుగు మీద కుర్సీలో ఉన్నావు కదా, అప్పుడే. టీచరమ్మ లేసి మా మాటలో సెప్పింది కదా."

"నేను చెప్పింది మీకు చెబుతోందనుకున్నాను."

అప్పుడు నవ్వింది కాసులమ్మ. పళ్ళు రెండు మూడే ఉన్నాయి. "ఆయమ్మ ఏటి సెప్పిందంటే, ఈ బాబు మంచోడే, నా కోసరం అబద్దం ఆడతన్నాడు, నమ్మకండి అంది. ఈ సదువు సదివితే నన్ను పెద్ద బడికి ఏసెత్తారు, మల్లీ ఇక్కడికి రాను, అది తెలిసి ఏలిముద్ర ఏస్తే ఎయ్యండి, నేకపోతే నేదు అంది."

ఆ కొండల్లో అన్నేళ్ళు జీతం తిని వాళ్ళ భాష నాలుగు ముక్కలు నేర్చుకోని మనిషికి ఎదురుగా జరిగేది కూడా తెలియదు. కొత్తగా చేరే పిల్లలకి నేను చెప్పే సలహా ఏదైనా ఉంటే అది నేర్చుకోమనే.

"మరి తెలిసీ ఎందుకు వేశారు?" అని అడిగాను.

"ఎయ్యొద్దనే అన్నారు కొందరు. మా అప్పలసామి కోపమొచ్చి లేసెల్లిపోయేడు కదా, సూసేవు. నేను సెప్పేను. ముందు కాయితంలో మనం ఒద్దన్న మాట ఆయమ్మ ఒక్క అచ్చరం మార్చకండా రాసింది. తన సదువు తనే కొట్టేసుకొని రాసింది. అంత మంచి మనిసిని సదువుకోకండా మనం ఆపెత్తే, రేపు మన గుంటల్ని బడికెల్లమని ఏ మొకం పెట్టుకొని సెప్తాం అన్నాను. అప్పుడు ఏసేరు."

ఆవిడ మళ్ళీ గింజల వైపు తిరిగింది. వచ్చే ముందు బడి దగ్గర ఆగి, కుర్ర మేస్టరుని అడిగి ఆ తీర్మానాల పుస్తకం తీయించాను. ఆ పేజీలో పదకొండు వేలిముద్రలున్నాయి. అందులో ఒక్కటీ నా మాట నమ్మి వేసింది కాదు.